‘ఇంజెక్షన్ వికటించి’... మందు కలిపిన చేతిదేనా నేరం?

‘ఇంజెక్షన్ వికటించి బాలింత మృతి, విధుల్లో ఉన్న నర్సు సస్పెన్షన్.’ జిల్లా పేజీల్లో ఈ వార్తను మనం ఎన్నోసార్లు చదివి ఉంటాం. ఊరు మారుతుంది, ఆసుపత్రి మారుతుంది, చనిపోయినామె వయసు మారుతుంది. వాక్యం మాత్రం మారదు. ఉదయం మరణం, మధ్యాహ్నం బంధువుల ధర్నా, సాయంత్రానికి సస్పెన్షన్ ఉత్తర్వు. మర్నాటికి వార్త ముగిసిపోతుంది.

ఇందులో ‘వికటించి’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మందు తనంతట తానే వికటించిందన్నట్టు ఉంటుంది ఆ మాట. దానికి కర్త లేదు, కారణం లేదు. వాక్యం రెండో సగానికి వచ్చేసరికి హఠాత్తుగా కర్త దొరుకుతుంది, అదీ స్త్రీలింగంలో. మధ్యలో ఏం జరిగిందని ఎవరూ అడగరు. నరానికి ఇచ్చిన యాంటీబయాటిక్ తర్వాత మనిషి ప్రాణం మీదికి వచ్చిందంటే కారణాలు అరడజనుకు తక్కువ ఉండవు. ఆ మందు ఆమె ఒంటికి పడకపోయి ఉండొచ్చు. మందు సరైనదే అయినా కలపకూడని ద్రవంలో కలిపి ఉండొచ్చు. సరిగ్గానే కలిపినా గంటసేపు ఎక్కించవలసినదాన్ని అర నిమిషంలో తోసేసి ఉండొచ్చు. కలిపిన నీళ్ళలోనే క్రిములు ఉండొచ్చు. కంపెనీ నుంచే సరుకు చెడి వచ్చి ఉండొచ్చు. ఒకరి మందు ఇంకొకరికి వెళ్ళి ఉండొచ్చు. అసలు మందుతో సంబంధం లేకుండా రక్తస్రావంతోనో గుండె జబ్బుతోనో ఆమె చనిపోయి ఉండొచ్చు. వీటిలో ఏ రెండింటికీ కారకులూ ఒకరు కారు, నివారణా ఒకటి కాదు. ‘వికటించింది’ అన్న ఒక్క మాట అన్నిటినీ ఒకే మూట కట్టి నర్సు నెత్తిన పెడుతుంది.

యాంటీబయాటిక్‌ని కలిపి నరానికి ఎక్కించడం జ్ఞానంతో, సమయంతో, సామగ్రితో కూడిన పని. మన ఆసుపత్రి వ్యవస్థ ఆ పని చేసే స్త్రీకి ఈ మూడింటిలో దేన్నీ లెక్కగట్టి ఇవ్వదు. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం అది ఆమె పని అని హఠాత్తుగా గుర్తు చేసుకుంటుంది. ఇప్పుడు శిక్షాస్మృతి కూడా ఆ వ్యవస్థకే తోడు వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు పని ఏమిటో చూద్దాం. సర్జికల్ వార్డుల్లో, సిజేరియన్ వార్డుల్లో అందరికీ పరిచయమైన సెఫ్ట్రియాక్సోన్‌నే తీసుకోండి. చిన్న గాజు సీసాలో తెల్లటి పొడి, ఒక గ్రాము. నరానికి ఇవ్వాలంటే ఇంజెక్షన్ల కోసం తయారైన శుద్ధమైన నీళ్ళు దాదాపు 10 మిల్లీలీటర్లు పోసి, పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పి, రెండు నుంచి నాలుగు నిమిషాల పాటు మెల్లగా ఇవ్వాలి. లేదా సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించాలి. అదే మందు కండకు ఇవ్వాలంటే నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్‌తో కలుపుతారు. అలా కలిపినది పొరపాటున కూడా నరంలోకి వెళ్ళకూడదు. రింగర్ లాక్టేట్‌తో అసలే కలపకూడదు. అందులోని కాల్షియంతో చేరి సన్నటి పలుకులు కడుతుంది. ఈ రెండూ ఒంట్లోకి వెళ్ళిన పసికందుల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో ఆ పలుకులు దొరికిన మరణాలున్నాయి. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. పుట్టి 28 రోజులు దాటని బిడ్డకు, కాల్షియం ఉన్న ద్రవం ఎక్కుతున్నా ఎక్కవలసి ఉన్నా ఈ మందు ఇవ్వనే కూడదు. పెద్దవాళ్ళకైతే మధ్యలో గొట్టాన్ని సెలైన్‌తో బాగా కడిగి ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వవచ్చు. మన వార్డుల్లో సిజేరియన్ అయిన స్త్రీకి రింగర్ లాక్టేట్ సీసా వేలాడుతూనే ఉంటుంది. ఆ గొట్టం మధ్యనుంచే సెఫ్ట్రియాక్సోన్ తోయడం ఎంత సులువో ఊహించండి.

ఇది ఒక మందు సంగతి. వాంకోమైసిన్ అయితే లెక్క వేరు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములకు మించకుండా పలచన చేయాలి. అంటే గ్రాముకు కనీసం 200 మిల్లీలీటర్లు. నిమిషానికి 10 మిల్లీగ్రాములకు మించి ఎక్కించకూడదు. అంటే గ్రాముకు గంటా నలభై నిమిషాలు. తొందరపడితే మొహం, మెడ ఎర్రగా కందిపోతాయి, దురద పుడుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఇది చాలావరకు ఎలర్జీ కాదు, కేవలం వేగం చేసిన పని. (పాత పాఠ్యపుస్తకాల్లో దీని పేరు ‘రెడ్ మాన్ సిండ్రోమ్’. ఎర్రబడేది బాలింత అయినా పేరు మాత్రం మగవాడిదే. ఆ పేరును ఇప్పుడు మానుకుంటున్నారు.) యాంపిసిలిన్ కలిపిన గంటలోపు వాడెయ్యాలి, నిలవ పనికిరాదు. జెంటామైసిన్‌ని పెన్సిలిన్ జాతి మందులతో ఒకే సిరంజిలో కలిపితే దాని శక్తి పోతుంది. చూడటానికి ఏ తేడా కనిపించదు, రోగికి మాత్రం జ్వరం తగ్గదు.

పసిబిడ్డల దగ్గరికి వస్తే ఇంకా సూక్ష్మం. పొడి కూడా చోటు ఆక్రమిస్తుంది. గ్రాము సెఫ్ట్రియాక్సోన్‌కి 9.6 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే మొత్తం 10 అవుతుంది, అప్పుడే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల లెక్క కుదురుతుంది. పెద్దవాళ్ళకు సీసా మొత్తం ఇస్తాం కాబట్టి ఈ తేడా పట్టదు. సీసాలో కొంతభాగమే ఇవ్వవలసిన బిడ్డకు, అందులోనూ తక్కువ నీళ్ళతో కలిపినప్పుడు, అది డోసు తేడా అవుతుంది. నీళ్ళన్నీ కూడా ఒకటి కావు. చెడిపోకుండా బెంజైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళు, సెలైన్ వాడినందువల్ల నెలలు నిండని పసికందులు ఊపిరాడక చనిపోయిన సంగతి అమెరికాలో 1982లో బయటపడింది.

ఇంత జ్ఞానం అవసరమైన ఈ పనికి మన భాషలో పేరేమిటి? ‘మందు కలపడం.’ మజ్జిగ కలపడం, పిండి కలపడం, అన్నం కలపడం వంటిదే ఇదీ. స్త్రీల చేతులు చేసే పనులకు మన సమాజం పెట్టే పేర్లన్నీ అవి ఆలోచన లేకుండా జరిగిపోతాయన్నట్టే ఉంటాయి. డాక్టరు కేస్ షీట్ మీద రాసేది ఒక్క పంక్తి: మందు పేరు, ఒక గ్రాము, నరానికి, రోజుకు రెండుసార్లు. ఏ ద్రవంలో, ఎంత ద్రవంలో, ఎన్ని నిమిషాల్లో అన్నది ఆ పంక్తిలో ఉండదు. రాసింది వైద్యం, రాయనిది నర్సు పని. ఆ రాయనిదాంట్లోనే ప్రాణం ఉంది. రాసిన పంక్తికి సంతకం ఉంది, హోదా ఉంది, ఫీజు ఉంది. రాయని పంక్తికి ఉన్నది మెమో ఒక్కటే. శ్రమ విభజన అనే మాటను మనం పొలం గురించీ వంటగది గురించీ ఎంతో రాశాం. ఆసుపత్రి వార్డులో అది కేస్ షీట్ మీదే కనిపిస్తుంది, రాసిన పంక్తికీ ఖాళీకీ మధ్య.

కంపెనీలు సీసాతో పాటు కరపత్రం ఇస్తాయి కదా అంటారు. ఇస్తాయి. భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో, ఇంగ్లీషులో. అట్టపెట్టెలు స్టోరులోనే విప్పేసి సీసాలు మాత్రం వార్డుకు పంపే చోట ఆ కరపత్రం నర్సు కళ్ళబడదు కూడా. బ్రిటన్‌లో 2007లోనే రోగుల భద్రతా సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇంజెక్షన్ మందుల తయారీలో ఎక్కడెక్కడ ప్రమాదం ఉందో ప్రతి ఆసుపత్రీ అంచనా వేసుకోవాలనీ, కలిపేవారికి లిఖిత సూచనలు అందుబాటులో ఉంచాలనీ దాని సారాంశం. ‘నర్సులూ జాగ్రత్తగా ఉండండి’ అనడానికీ దీనికీ తేడా గమనించండి. బాధ్యతను సంస్థ మీద పెట్టిన ఉత్తర్వు అది.

ఇక సమయం. లెక్క వేసి చూద్దాం. నలభై మంది ఉన్న వార్డు. రాత్రి పది గంటల డోసు పదహారు మందికి ఉందనుకోండి. ఒక్కొక్కరికి చేతులు కడుక్కోవాలి, పేరూ కేస్ షీటూ సరిచూడాలి, సీసా మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి, నీళ్ళు పోసి కరిగించాలి, కాన్యులాలోకి సెలైన్ పంపి నరం సరిగా ఉందో లేదో చూడాలి, మూడు నిమిషాలు మెల్లగా ఇవ్వాలి, మళ్ళీ సెలైన్‌తో కడగాలి, రాసి సంతకం పెట్టాలి. ఎంత చకచకా చేసినా ఎనిమిది నిమిషాలు. పదహారు ఎనిమిదులు నూట ఇరవై ఎనిమిది నిమిషాలు, అంటే రెండు గంటల పైన. ఈలోగా కొత్త కేసు రాకూడదు, ఎవరికీ రక్తస్రావం కాకూడదు, ఏ డ్రిప్పూ ఆగకూడదు, డాక్టరు ఫోన్ చెయ్యకూడదు, ఆమెకు బాత్‌రూముకు వెళ్ళవలసిన అవసరం రాకూడదు.

బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు చొప్పున నర్సులుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. ఆ లెక్కను మూడు షిఫ్టులకూ పంచుకున్నా నలభై మంది వార్డులో రాత్రి ఒక్కరే మిగలకూడదు. పరిశోధన పనిమీద ఒక జిల్లా ఆసుపత్రి వార్డులో నేను కొన్ని రాత్రులు కూర్చున్నాను. ఒక్కరే ఉండేవారు. ఆ సిస్టర్ బల్లమీద సీసాలన్నీ వరసగా పెట్టి, ఒకేసారి నీళ్ళు పోసి, సిరంజిల్లోకి లాగి, ట్రేలో పెట్టుకుని బయలుదేరేది. సిరంజిల మీద పేర్లు లేవు, ఏ వరసలో పెట్టిందో ఆమె మనసులోనే ఉంది. ఒక్కో మంచం దగ్గర ముప్పై సెకన్లు. ‘ఇలా చెయ్యకూడదని నర్సింగ్ స్కూల్లో నేను చదువుకున్నానమ్మా, పరీక్షలో రాశాను కూడా’ అంది ఆమె, నేను అడక్కుండానే. ఆమెకు తెలియనిది ఏమీ లేదు. ఆమె చేస్తున్నది నిర్లక్ష్యం కాదు, భాగహారం. ఉన్న నిమిషాలను ఉన్న మంచాలతో భాగిస్తే వచ్చేది అంతే.

మూడోది సామగ్రి. 100 మిల్లీలీటర్ల సెలైన్ సీసాలు స్టోరులో లేకపోతే ఏం చెయ్యాలి? బయటికి చీటీ రాస్తారు. కూలికి పోయి వచ్చిన తల్లి ఆ చీటీ పట్టుకుని ఆసుపత్రి ఎదుటి మెడికల్ షాపుకు వెళ్తుంది. డబ్బు లేకపోతే వెళ్ళదు. అప్పుడు గంటన్నర ఎక్కించవలసిన మందు ఒక సిరంజిలో ఇరుక్కుంటుంది. నీళ్ళ యాంపిల్స్ చాలకపోతే పెద్ద సెలైన్ సీసా ఒకటి తెరిచి, దాని రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి వదిలేస్తారు. రోజంతా వార్డు మొత్తానికీ మందు కలిపేది అందులోంచే. ఆ గుచ్చిన సూది క్రిములకు తెరిచిన తలుపు. ఈ దృశ్యం చూడని నర్సింగ్ విద్యార్థిని మన రాష్ట్రాల్లో ఉంటుందా?

సీసా మూత కూడా విప్పకముందే పాడైన సందర్భాలున్నాయి. 2011లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ ఉమైద్ ఆసుపత్రిలో పదిహేను మందికి పైగా గర్భిణులు, బాలింతలు చనిపోయారు. ఎక్కించిన ద్రవాలే కలుషితమయ్యాయని తేలింది. 2024 నవంబరులో కర్ణాటకలోని బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ చేయించుకున్న అయిదుగురు స్త్రీలు పోయారు. అనుమానం రింగర్ లాక్టేట్ నాణ్యత మీదికి వెళ్ళింది. ఆ సరఫరాను ఆపి, రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్‌ను సస్పెండ్ చేశారు. ఆ మరణాలు ఒకచోట, ఒకేసారి జరిగాయి కాబట్టి ప్రశ్న నర్సును దాటి పైకి వెళ్ళింది. అవే మరణాలు అయిదు ఊళ్ళలో ఒక్కొక్కటిగా జరిగి ఉంటే? అయిదు ‘వికటించి’లూ అయిదుగురు నర్సుల సస్పెన్షన్లూ అయ్యేవి.

సంఘటన జరగగానే నర్సును అడిగే మొదటి ప్రశ్న, ‘టెస్ట్ డోస్ చేశావా?’ ముంజేతి మీద చర్మం కింద చుక్క మందు ఎక్కించి చూసే ఆ పరీక్షకు మన ఆసుపత్రుల్లో దేవుడికి దీపం పెట్టినంత విలువ. ఎలర్జీ చరిత్ర ఏమీ లేనివాళ్ళకు సెఫలోస్పోరిన్ మందులతో అందరికీ ఇలా పరీక్ష చేయడం వల్ల ప్రయోజనం లేదని చైనా 2021లో ఆ ఆనవాయితీని వదిలేసింది. పరీక్షలో ఏమీ కనిపించకపోయినా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. నిజంగా అడగవలసినవి వేరే ఉన్నాయి. ఇదివరకు ఏ మందైనా పడలేదా అని కేస్ షీట్‌లో ఎవరు రాశారు? ట్రేలో ఎడ్రినలిన్ యాంపిల్ ఉందా? ఊపిరి ఆడక, రక్తపోటు పడిపోతుంటే తొడ కండకు అర మిల్లీగ్రాము ఎడ్రినలిన్ వెంటనే ఇచ్చే అధికారం నర్సుకు లిఖితపూర్వకంగా ఉందా, లేక డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆమె ఆగాలా? ప్రాణం నిలిచేదీ పోయేదీ ఆ నిమిషాల్లో. ప్రాణం తీసే మందు కలపడానికి చాలిన ఆమె చదువు, ప్రాణం నిలిపే మందు ఇవ్వడానికి చాలదా?

ఇప్పుడు చట్టం. పాత భారత శిక్షాస్మృతి 304ఎ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు, డాక్టరుకైనా నర్సుకైనా లారీ డ్రైవరుకైనా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని అయిదేళ్ళకు పెంచింది. వైద్య ప్రక్రియ చేస్తున్న ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’కు మాత్రం రెండేళ్ళే. (మన ఊళ్ళలో ఆర్‌ఎంపీ అంటే వేరే అర్థం. ఇక్కడ చట్టం తానే అర్థం చెప్పింది: నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం గుర్తించిన అర్హత ఉండి, వైద్యుల రిజిస్టరులో పేరున్నవారు.) నర్సు పేరు ఆ రిజిస్టరులో ఉండదు. ఆమెది నర్సుల రిజిస్టరు. అంటే అదే మందు, అదే రోగి, అదే మరణం. అసంపూర్తిగా రాసిన చేతికి రెండేళ్ళు, ఆ అసంపూర్తిని పూరించిన చేతికి అయిదేళ్ళు! డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టేముందు స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని, మామూలుగా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. డాక్టర్లకు ఆ రక్షణ ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. డాక్టర్ల సంఘాలు అడిగాయి, సాధించుకున్నాయి. 106వ సెక్షన్ రాసేటప్పుడు వార్డులో సూది పట్టుకునేది ఎవరో ఎవరికీ గుర్తు రాకపోవడం మీద నా అభ్యంతరం. రిజిస్టరైన నర్సుకూ అదే మినహాయింపు వర్తించేలా ఆ వివరణను సవరించమని అడగడానికి మన మహిళా సంఘాలు ఇంకా ఎందుకు కదలలేదు?

ఆమె ఎవరో కూడా చూడాలి. మన ప్రాంతంలో నర్సింగ్‌లోకి మొదట వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. పైకులాల వాళ్ళు అంటరానిదనుకున్న పని వాళ్ళు చేశారు. ఈనాడు అన్ని కులాలవాళ్ళూ వస్తున్నారు, కానీ ఆ పనిని చూసే చూపు మారలేదు. 2016లో కేంద్రం స్టాఫ్ నర్సును నర్సింగ్ ఆఫీసరు చేసింది. పేరు పెద్దదైంది, ట్రే అదే. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ అంకె చెబితే సిస్టర్లు నవ్వుతారు. అక్కడ సగం మందు కలిపేది ఏ నర్సింగ్ స్కూలు గడపా తొక్కని, తెల్లకోటు వేసుకున్న పదో తరగతి పిల్ల. రెగ్యులర్ నర్సునైతే సస్పెండ్ చేస్తారు, ఎంక్వయిరీ అయినా జరుగుతుంది. ఔట్‌సోర్సింగ్ నర్సుకు ‘రేపట్నుంచి రావద్దు’ అని ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది. అంతే.

అయితే చనిపోయిన స్త్రీ మాటేమిటి, ఆమె తల్లికి మీరేం చెబుతారు అని అడుగుతారు. అడగాలి. నర్సు స్త్రీ అయినట్టే బాలింతా స్త్రీయే. ఎక్కువసార్లు ఇద్దరిలో పేదరాలు ఆమే. నర్సు స్త్రీ కాబట్టి తప్పును కప్పిపెట్టమనడం స్త్రీవాదం కాదు. తెలిసి, సమయం ఉండి, సామగ్రి ఉండి పేరు చూడకుండా మందు ఎక్కిస్తే అది తప్పే. దానికి జవాబు చెప్పవలసిందే. నేనంటున్నది, సాయంత్రంలోపు వచ్చే సస్పెన్షన్ ఆ తల్లికి న్యాయం చేయదని. అది ఆమె నోరు మూయిస్తుంది. ఖాళీ సీసా చెత్తలోకి పోతుంది, బ్యాచ్ నంబరు దానితోపాటే పోతుంది, మిగిలిన ద్రవం పరీక్షకు వెళ్ళదు. అదే బ్యాచ్ మందు మర్నాడు పక్క వార్డులో ఇంకొకరికి ఎక్కుతుంది. కూతురు ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు ఆ తల్లికి ఉంది. కేస్ షీట్ నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ధర్నా దగ్గర నిలబడిన ఎందరికి ఈ సంగతి తెలుసు? వాళ్ళకు చెప్పవలసిన బాధ్యత మనది కాదా?

నర్సును పట్టుకోవడం తేలిక. కాబట్టే అన్నీ అక్కడే ఆగిపోతాయి. మందు రాసేవారు ద్రవం పేరు, పరిమాణం, నిమిషాలు కూడా రాసి సంతకం పెట్టాలి అన్న నియమానికి ఖర్చేమీ లేదు. ఆ ఆసుపత్రి వాడే ఇరవై, ముప్పై యాంటీబయాటిక్‌లకు తెలుగులో పెద్ద అక్షరాల పట్టిక రాసి మందులబల్ల పైన అంటించడానికి వంద రూపాయలు చాలు. (కంపెనీ మారితే పరిమాణం మారవచ్చు కాబట్టి దాన్ని ఫార్మసిస్టు ఎప్పటికప్పుడు సరిచూడాలి. మన ఆసుపత్రుల్లో ఫార్మసిస్టును కిటికీ వెనక బిళ్ళలు లెక్కపెట్టడానికి పరిమితం చేయడం ఇంకో కథ.) రాత్రి వార్డుకు రెండో నర్సును వేయడానికి మాత్రం డబ్బు కావాలి. అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇలాంటి మరణం మీద నిజనిర్ధారణకు వెళ్ళే మన బృందాలు అలవాటుగా ముందు సూపరింటెండెంట్ గదిలో కూర్చుని టీ తాగి ఆయన చెప్పింది రాసుకుని వస్తాయి. ముందు వార్డుకు వెళ్ళండి. ఆ రాత్రి డ్యూటీ రోస్టరు అడగండి, ఆ గంటలో ఎంతమందికి ఇంజెక్షన్లు ఉన్నాయో కేస్ షీట్‌లు చూసి లెక్కపెట్టండి. సీసా ఎక్కడుందో, బ్యాచ్ నంబరు ఎవరు రాసుకున్నారో అడగండి. తర్వాత స్టోరుకు వెళ్ళి ఇండెంటు పుస్తకం తెరిపించండి. 100 మిల్లీలీటర్ల సెలైన్ సీసాలు ఆ నెల వార్డు ఎన్ని అడిగిందో, స్టోరు ఎన్ని ఇచ్చిందో పక్కపక్క గళ్ళలో రాసి ఉంటుంది.